రీళ్ళు తారుమారైన పాట

మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసిన మూడో రోజు పొద్దున నేను పెరట్లోకి వెళ్ళి పాట ఎత్తుకున్నాను. డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంటి పెరడు అది. డబ్లిన్ అంటే కాలిఫోర్నియాలోది, ఐర్లండులోది కాదని ఫోన్ చేసిన ప్రతివాడికీ చెప్పి చెప్పి విసుగొచ్చింది. పెరడంటే మంచమంత గడ్డి, కుండీలో కరివేపాకు మొక్క, చుట్టూ మనిషి ఎత్తు చెక్క కంచె. వంటింటి కిటికీ అటువైపే ఉంటుంది. కిటికీ అవతల ఆవిడ టీ గిన్నె తోముతోంది. ఆ తోముడు నాకు వినబడుతోంది కాబట్టి నా పాటా ఆవిడకి వినబడుతున్నట్టే.

ముందు నేను చేసిన పని చెప్పాలి. అది దాచి పాట గురించే చెబితే ఇంకో అబద్ధం అవుతుంది.

మా వదినగారికి, అంటే మా ఆవిడ అక్కగారికి, గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. చిన్నప్పుడే తల్లి పోతే మా ఆవిడని పెంచింది ఆ అక్కగారే. వాళ్ళ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఇంకా పన్నెండు రోజులు టైముంది. ఈలోపల చెల్లెల్ని ఒకసారి చూడాలంటోంది అమ్మ. పిన్నిని పంపగలరా" అన్నాడు. అప్పుడు మా ఆవిడ మేడ మీద బట్టలు మడతపెడుతోంది. మెట్ల దగ్గర నిలబడి ఒక్క కేక వేస్తే దిగి వచ్చేది. నేను కేక వెయ్యలేదు. "మీ పిన్నికి ఒంట్లో బాగోలేదురా. అంతసేపు విమానంలో కూర్చోలేనంటోంది. ఏమీ అనుకోవద్దని అమ్మతో చెప్పమంది" అన్నాను. ఆ మూడు మాటల్లో ఒక్కటీ ఆవిడ అన్నది కాదు. ఆపరేషన్ సంగతే ఆవిడకి చెప్పలేదు.

ఎందుకలా చెప్పానంటే, ఆవిడ బీపీ కోసమని, సంగతి బయటపడ్డాక అమ్మాయితో అన్నాను. అదీ అబద్ధమే. ఆవిడ వెళితే నేనూ వెళ్ళాలి. నాకు వెళ్ళాలని లేదు. ఈ ఊళ్ళో లైబ్రరీ ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషిని నేను. మా ఊరి గ్రంథాలయంలో బీరువా తాళం అడిగితే, "నీకెందుకయ్యా అవి, పేపరు చదువుకుని పో" అన్న గుమాస్తా మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఇక్కడ పేరూ అడ్రసూ అడిగి కార్డు చేతిలో పెట్టి, ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపొమ్మన్నారు. ఎంతవరకు చదివావని ఎవడూ అడగలేదు. పెద్దవాళ్ళకి వారానికి రెండు రోజులు ఇంగ్లీషు క్లాసు కూడా ఉంది. మా తిరుగు టిక్కెట్లకి ఇంకా రెండు నెలలు గడువుంది. ఆ రెండు నెలలు వదులుకోలేకపోయాను. అదీ అసలు సంగతి.

ఆపరేషన్ అయింది, వదినగారు బయటపడ్డారు. లేచి కూర్చున్న మొదటి రోజే చెల్లెలికి వీడియో కాల్ చేసి, "ఇప్పుడెలా ఉందే నీకు? రాలేనన్నావట. నేనేమీ అనుకోలేదులే" అన్నారు. మా ఆవిడ ఫోను పట్టుకునే నావైపు చూసింది. అక్కగారి ముందు నన్ను బయటపెట్టలేదు. "బాగానే ఉన్నానక్కా" అంది. ఫోన్ పెట్టేసి అమ్మాయిని పిలిచింది.

"శుక్రవారానికి నాకు టిక్కెట్ బుక్ చెయ్యి. ఒక్కటే."

"ఒక్కటేంటమ్మా? మరి నాన్న?"

"ఒక్కటే అన్నానుగా."

అది ఆదివారం. ఆవిడ ఒక్కతే బస్సెక్కి విజయవాడ దాటి ఎరగదు. అయినా నా భయం విమానం గురించి కాదు. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎక్కితే, ఇక ఈ జన్మకి మా మధ్య మాటలుండవని. ఆవిడ మొహం అలా ఉండగా అంతకు ముందు ఒక్కసారే చూశాను. అది కూడా చెబుతాను.

అందుకే మంగళవారం పాట ఎత్తుకున్నది. మా ఇంట్లో క్షమాపణ అంటే ఆ పాటే.

అది అజర్‌బైజాన్ పాట. తెలుగువాడికి అజర్‌బైజాన్ పాట ఎక్కడిదని అడగొచ్చు. అడిగేవాళ్ళకి మా రోజులు తెలియవు. గుడివాడలో నాకు మైక్‌సెట్ల షాపు ఉండేది. నెలకో ఆదివారం పొద్దున ఒక సంఘం వాళ్ళు సినిమాహాలు మాట్లాడుకుని సోవియట్ దేశపు సినిమాలు వేసేవాళ్ళు. ఆ భాషలు ఎవడికీ రావు. అందుకని తెర పక్కన ఒక మనిషి మైకు పట్టుకుని నిలబడి, వాళ్ళు ఏమంటున్నారో తెలుగులో చెబుతూ పోయేవాడు. ఇప్పుడు నవ్వులాటగా ఉంటుంది గానీ, సగం ప్రపంచాన్ని మేం అలాగే చూశాం.

ఆ చెప్పే పని ఒక కాలేజీ లెక్చరర్‌ది. మైకు పెట్టడం, తియ్యడం నాది. ఒకసారి సినిమాలో తండ్రిని పట్టుకుని ఆయన మామగారు అంటుంటే చెవిలో చెప్పబోయాను. "నువ్వు వైర్లు చూసుకోవయ్యా" అన్నాడు, మైకులోనే. హాలంతా నవ్వింది. యాభై ఏళ్ళు దాటిపోయాయి, ఆయన కాలం చేసి కూడా చాన్నాళ్ళయింది. నాకా కోపం పోలేదు. పోనిచ్చే ఉద్దేశం కూడా లేదు.

ఒక ఆదివారం ఆయన రాలేదు. హాలు నిండింది. సెక్రటరీ దిక్కులు చూస్తున్నాడు. కథాసారాంశం కాగితం ఒకటి సినిమాతోపాటు వచ్చేది, దాన్ని నేను అప్పటికే మూడుసార్లు చదివాను. "నేను చెబుతానండీ" అని మైకు తీసుకున్నాను. నా బతుకులో అదే మొదటిసారి.

కాగితం ప్రకారం కథ ఇది. ఒక కుర్రవాడు మేడ కిటికీలో ఒక పిల్లని చూసి, కింద నిలబడి పాడతాడు. పెళ్ళి కుదురుతుంది. మధ్యలో ఏదో అపార్థం వచ్చి ఆ పిల్ల అతని టోపీ వీధిలోకి విసిరేస్తుంది. ఆఖరికి అన్నీ సర్దుకుంటాయి. హాయిగా నవ్వుకునే ప్రేమకథ. కానీ మాకంటే ముందు ఆ బొమ్మ ఆడించిన ఊరివాళ్ళు ఒక రీలు డబ్బాలో ఇంకో రీలు పెట్టి పంపారు. మా ఆపరేటర్ డబ్బా మీద నంబరు చూసి ఎక్కించాడు. మొదటి చూపు గురించి చెబుదామని నేను గొంతు సవరించుకునేసరికి, తెర మీద కిటికీలోంచి టోపీ వచ్చి బురదలో పడింది. అది అయిపోయి రెండో రీలు పడగానే, అదే కిటికీ, కింద అదే కుర్రవాడు, గుండె మీద చెయ్యి వేసుకుని పాట. నెత్తిన శుభ్రమైన టోపీ కూడా ఉంది. అది మళ్ళీ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

రీళ్ళు మారాయని నాకు తెలిసిపోయింది. ఆట ఆపించొచ్చు. ఆపిస్తే ఏమంటారు? మైక్‌సెట్ వాడికి మైకిస్తే ఇంతే అంటారు. ఆపలేదు. పాట మీదే చెప్పుకుపోయాను. "తప్పు నాదే అంటున్నాడు. ఇంకెన్నడూ ఇలా చెయ్యను, ఒక్కసారి బయటికి రా అంటున్నాడు" అని. పాట ఉన్నంతసేపూ ఆ కుర్రవాడి చేత క్షమాపణ చెప్పించాను. ఆడవాళ్ళ బెంచీల్లో ముక్కు చీదుకోవడం వినబడింది. ఆ బెంచీల్లోనే మా ఆవిడ ఉంది. అప్పటికి ఆవిడెవరో నాకు తెలియదు.

ఆ పాటని నా స్పూల్ టేప్‌రికార్డర్‌లో పట్టుకున్నాను. షాపులో వేసుకుని వేసుకుని, తెలుగక్షరాల్లో రాసుకుని, కంఠతా పట్టాను. అర్థం ఒక్క ముక్క తెలియదు. నేను చెప్పిన అర్థం తప్పని మాత్రం తెలుసు.

రెండేళ్ళకి మా పెళ్ళయింది. మొదటిసారి గొడవ పడ్డప్పుడు ఆవిడ అంది: "ఆ సినిమాలో అతను నడివీధిలో నిలబడి తప్పు నాదే అన్నాడు. మీకు నాలుగ్గోడల మధ్య కూడా నోరు పెగలదు." నిజంగానే పెగల్లేదు. పాట మాత్రం వచ్చింది. అరుగు మీద కూర్చుని పాడాను. ఆవిడ కాసేపు విని, కిటికీ దగ్గర గ్లాసుతో మజ్జిగ పెట్టింది. అదే అలవాటైపోయింది. నేను తప్పు చేస్తే పాడటం, ఆవిడ మజ్జిగ పెట్టడం. రీళ్ళ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముందనుకున్నాను.

ఆవిడ మొహం అలా చూసిన ఆ ఇంకొక్కసారి సంగతి ఇదీ. ఆవిడ ఎస్సెల్సీ పాసైంది, అప్పట్లో అది పదకొండో తరగతి. నాకంటే మూడు తరగతులు ఎక్కువ. బాలవాడిలో, అంటే చిన్నపిల్లల బడిలో, టీచరుగా ఎంపిక చేశామని ఒక ఆఫీసరమ్మ నా షాపుకొచ్చి చెప్పింది. "మా ఆవిడకి వీలుపడదండీ, తనే చెప్పమంది" అన్నాను. ఆవిడ అననే లేదు. ఆ ఉద్యోగం ఇంకో ఆవిడకి పోయాక ఊళ్ళోవాళ్ళ ద్వారా మా ఆవిడకి తెలిసింది. పదకొండు రోజులు పాడాను. పన్నెండో రోజు మజ్జిగ వచ్చింది.

ఇప్పుడు డబ్లిన్‌లో మొదటి చరణం పూర్తిచేసి ఊపిరి పీల్చుకున్నానో లేదో, కంచె అవతలినుంచి రెండో చరణం వినబడింది. ఆడగొంతు. నా గొంతుకంటే ఖచ్చితంగా ఉంది.

పక్కింట్లోకి రెండు నెలల కిందట ఎవరో దిగారని తెలుసు. ఇక్కడ పక్కింటివాళ్ళంటే గరాజ్ తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. ఐదు నిమిషాల్లో పక్క గేటులోంచి ఒకావిడ వచ్చింది. అరవై ఐదు ఉంటాయి, తలకి రుమాలు, చేతిలో చెర్రీపళ్ళ జామ్ సీసా. వాళ్ళది అజర్‌బైజాన్‌లో బాకూ అట. కొడుకు దగ్గరుంటోంది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటే మాట, నీకు ఈ పాట ఎలా తెలుసు, ఎలా తెలుసు అని. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. కళ్ళలో నీళ్ళు.

ఆరోజు అమ్మాయి ఇంట్లోంచే పని చేస్తోంది. మీటింగ్ మ్యూట్ చేసి కిందికి వచ్చి, "ఆంటీ, ప్లీజ్, కూర్చోండి" అంది. మా ఆవిడ టీ పెట్టింది. మూడు రోజుల్లో ఆవిడ మొహంలో కాస్త వెలుగు చూడటం అదే. అతిథి కోసమే అయినా. బాకూ ఆవిడ టీలో జామ్ కలుపుకోకుండా, ఒక చెంచా నోట్లో పెట్టుకుని పైన టీ తాగింది. ఆ సినిమా వాళ్ళ ఇళ్ళల్లో అందరికీ కంఠతా వచ్చట. పెళ్ళిళ్ళలో ఆ పాట లేకపోతే ఎవరూ డాన్సుకి లేవరట.

నేను లేవబోయాను. "ఆవిడకి పనులుంటాయేమో, మనం పట్టుకుని కూర్చోబెడితే ఎలా" అన్నాను.

మా ఆవిడ నావైపు చూడలేదు. అమ్మాయితో అంది, "ఆ పాటలో అతను ఏమని బతిమాలుతున్నాడో అడుగు. ఏం తప్పు చేశానంటున్నాడో. మీ నాన్న సినిమాలో చెప్పారు, నాకు గుర్తుంది. అయినా ఆవిడ నోట వినాలనుంది."

"అడుగుదువులే, టీ చల్లారిపోతోంది."

"నాన్నా, వన్ మినిట్" అని అమ్మాయి అడిగేసింది.

బాకూ ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అడిగించుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతూ చెప్పింది, అమ్మాయి తెలుగు చేస్తూ పోయింది. "తప్పా? తప్పేంటి? ఇంకా అసలు ఆ అమ్మాయితో మాట్లాడనే లేదట కదమ్మా. ఫస్ట్ టైమ్ చూశాడు. నీ కళ్ళు ఇలా ఉన్నాయి, నీ జడ అలా ఉంది, ఈ ఊళ్ళో నాలాంటివాడు నీకు దొరకడు అంటున్నాడట. కొంచెం గొప్పలు పోతున్నాడు అంటోంది ఆంటీ."

"క్షమించమని ఎక్కడా లేదా?"

"లేదట."

"చివర్లో?"

అమ్మాయి అడిగింది. బాకూ ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఏదో తేడా వచ్చిందని ఆవిడకీ తెలిసినట్టుంది, నవ్వు ఆపి మా ముగ్గురినీ చూసింది. మా ఆవిడ జామ్ సీసా మూత పెట్టి, "చాలా బాగుందని చెప్పు" అంది.

బాకూ ఆవిడ వెళ్ళాక, అమ్మాయి మళ్ళీ మీటింగ్‌కి పైకెళ్ళాక, మా ఆవిడ నాతో మాట్లాడింది. ఆదివారం తర్వాత అదే మొదటి మాట.

"బాలవాడి అప్పుడు పదకొండు రోజులు పాడారు. అప్పుడు నాకేం చెప్పినట్టు?"

నాకు కోపం వచ్చింది. పట్టుబడ్డవాడికి వచ్చే కోపం అదేనని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియలేదు. రీళ్ళ సంగతి మొత్తం చెప్పాను. ముందు ఊరివాళ్ళు డబ్బాలు మార్చారని, ఆ లెక్చరర్ చెప్పాపెట్టకుండా ఎగ్గొట్టాడని, చదువుకున్నవాళ్ళందరూ కలిసి నా మెడకి కట్టారని. "నాకు మాత్రం భాష వచ్చా? రీలు ఎక్కించింది నేనా?" అని గొంతు పెంచాను.

"నేను రీలు సంగతి అడగలేదు" అంది. టీ కప్పులు తీసి సింకులో వేసింది.

బుధవారం లైబ్రరీకి వెళ్ళాను. పుస్తకం తెరిచి గంటన్నర ఒకే పేజీలో ఉన్నాను. సంపాదించింది తక్కువే అయినా ఎవరి దగ్గరా తల వంచలేదని నాకు గర్వం. తల వంచాల్సిన చోట పాట పెట్టి తప్పుకున్నానని అక్కడ కూర్చుంటే తట్టింది. ఆ కుర్రవాడు అనని మాటలు అన్నాడని చెప్పాను. సరే, హాలు నిండా జనం ఉన్నారు, వయసు ఇరవై రెండు. ఆఫీసరమ్మకి చెప్పింది? వదినగారికి చెప్పించింది? తెర పక్కన నిలబడి ఇంకొకరి నోట్లో మాట పెట్టడం నాకు ఒక్క ఆదివారంతో అయిపోలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకి వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ సాయంత్రం ఏడవుతుంది. మా ఆవిడ ఆవకాయ ప్యాకెట్లకి టేపు చుడుతోంది, ప్రయాణానికి. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి వదినగారికి చేశాను. మా ఆవిడ చేతిలో టేపు ఆగిపోయింది.

"వదినగారూ, మీ చెల్లెలు రాలేనని అనలేదండీ. మీ అబ్బాయి ఫోన్ చేసినట్టే ఆవిడకి తెలియదు. ఆవిడకి ఒంట్లో శుభ్రంగా ఉంది. ఆ మాటలన్నీ నేను కల్పించినవి."



"ఎందుకు మరిదిగారూ?"

"ఇక్కడ లైబ్రరీ ఉందండీ. వదిలి రాబుద్ధి కాలేదు."

"లైబ్రరీనా."

"అవునండీ."

"నేను టేబుల్ మీదే పోయుంటే ఏం చేసేవారు?"

"తెలియదండీ."

"మరి అన్ని పుస్తకాలు చదివి ఏం తెలుసుకున్నట్టు?"

వదినగారు తిట్టలేదు. ఆయాసపడుతూ, "దాన్ని పిలవండి" అన్నారు. మా ఆవిడ ఫోన్ తీసుకుని స్పీకర్ ఆపేసింది. నేను పెరట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆవిడ ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు, వినే హక్కు లేదనిపించింది.

అరగంటకి తలుపు తెరిచి గుమ్మంలో నిలబడింది.

"అక్కకి చెప్పారు. మరి నాకు?"

నిలబడ్డ చోటే చెప్పాను. "బాలవాడి అప్పుడు నువ్వు అనని మాట అన్నాను. ఇప్పుడూ అన్నాను. రెండూ నా తప్పే. నీ ఉద్యోగం నేనే పోగొట్టాను. మీ అక్క దగ్గరికి నిన్ను పోనివ్వలేదు."

"ఇంకా?"

"ఇంకేం లేదు. కారణాలు చెప్పబోవడం లేదు."

"సరే. విన్నాను" అంది. పోనీలే అనలేదు. మజ్జిగ ఇవ్వలేదు. నేనూ ఆశించలేదు.

"నాకూ ఒక టిక్కెట్ తీయమంటాను. నేనూ వస్తాను" అన్నాను.

"వద్దు. మీరొస్తే అక్క పక్కన కూర్చుని నా బదులు మీరే మాట్లాడతారు. ఉండండి ఇక్కడే. చదువుకోండి."

రెండు నెలలు కావాలని ఇంత చేశాను. వాటిలో మిగిలినవి అలా నా చేతికొచ్చాయి.

శుక్రవారం ఎయిర్‌పోర్టులో అమ్మాయి వీల్‌చెయిర్ అడుగుదామంది. మన పెద్దవాళ్ళందరూ కాళ్ళు బాగున్నా వీల్‌చెయిర్ పెట్టించుకుంటారు, ఇంగ్లీషులో ఎవడైనా ఏదైనా అడిగితే తోసేవాడు చూసుకుంటాడని. మా ఆవిడ వద్దంది. కౌంటర్‌లో పిల్ల ఇంగ్లీషులో గబగబా, ఈ పెట్టెలు ఎవరు సర్దారు అని అడిగింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. మా ఆవిడ తల తిప్పి చూసింది. మూసుకున్నాను.

ఆవిడ వెంటనే చెప్పలేకపోయింది. మాట వెతుక్కుంటోంది. క్యూలో వెనకవాళ్ళు కదులుతున్నారు. నాకు ఆ జవాబు తెలుసు, క్లాసులో నేర్పారు. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. కౌంటర్ పిల్ల మళ్ళీ, ఈసారి నెమ్మదిగా అడిగింది.

"నేను. ఐ ప్యాక్. ఆల్ బ్యాగ్స్" అంది మా ఆవిడ.

మీతో ఎవరైనా వస్తున్నారా అని ఆ పిల్ల నావైపు చూస్తూ అడిగింది.

"నో. ఓన్లీ మీ."

సెక్యూరిటీ దగ్గర మమ్మల్ని ఆపేశారు. అమ్మాయి కౌగిలించుకుంది. మా ఆవిడ పాస్‌పోర్టు, బోర్డింగ్ కార్డు చేతిలో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "దిగాక ఫోన్ చేస్తాను" అంది.

"నాకా అమ్మా, నాన్నకా?" అంది అమ్మాయి.

"ఎవరు ఎత్తితే వాళ్ళకి" అంది, నన్ను చూసి. వరసలోకి వెళ్ళిపోయింది.

కారు ఎక్కగానే నాదీ అమ్మాయిదీ రెండు ఫోన్లూ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. "నాన్నా, ఫ్లైట్ ఇంకా బోర్డింగ్ కూడా అవ్వలేదు" అంది అమ్మాయి. తెలుసన్నాను.